గేటు దగ్గర కాపురం

పత్రికలో అరపేజీ ఖాళీ ఉందన్న శుభవార్త పరుపుల కంపెనీకి ఉదయం టీ వేళకి అందింది. అదీ ఉచితంగా. ఫోన్ పెట్టేసిన ఓనరుగారు కుర్చీలోంచి లేచి, కూర్చుని, మళ్లీ లేచారు. ఒక్కసారి లేవడమే గొప్ప అనుకునే మనిషి ఇలా లేచి కూర్చోవడం చూసి, అద్దం తలుపుకి అవతలున్న గుమాస్తాల్లో కొందరు కంపెనీ అమ్ముడుపోయిందనీ, కొందరు ఆయనకి మనవడు పుట్టాడనీ తేల్చుకున్నారు. ఏదైనా సరిపోతుందని అందరూ ఒకే రకం చిరునవ్వు పెట్టుకుని కూర్చున్నారు.

షరతు ఒక్కటే. ఆ అరపేజీలో పడేది ప్రకటన కాకూడదు, వార్త కావాలి. ఈ రెంటికీ తేడా ఏమిటో కంపెనీలో ఎవరికీ తెలియదు కాబట్టి, తెలిసిన ఒక ప్రచార సలహాదారుగారిని పిలిపించారు. ఆయన కళ్లజోడు మెడలో దారానికి వేలాడుతూ ఉంటుంది. తాను మాట్లాడేటప్పుడు పెట్టుకుంటారు, ఎదుటివాళ్లు మాట్లాడేటప్పుడు తీసేస్తారు.

"మా పరుపు మెత్తగా ఉంటుంది అన్నామనుకోండి, అది ప్రకటన," అన్నారాయన కళ్లజోడు పెట్టుకుని. "మా పరుపు మీద పడుకున్నాయన ఇంకా లేవలేదు అన్నామనుకోండి, అది వార్త."

మధ్యాహ్నం సభ పెట్టారు. కంపెనీలో పెద్ద గది సరుకు నిల్వ చేసేదే కావడంతో అందరూ పరుపుల మీదే కూర్చున్నారు. ఓనరుగారు ప్రసంగం మొదలుపెట్టేసరికి వెనక వరుసల్లోవాళ్లు నడుం వాల్చారు. సరుకు నాణ్యతకి అంతకన్నా రుజువు అక్కర్లేదు గానీ, అది వార్త కాదన్నారు సలహాదారుగారు. అలాంటి నిద్ర ఏ సభలోనైనా దొరుకుతుందట.

"మిత్రులారా!" అన్నారు ఓనరుగారు. "ప్రతి కంపెనీ కడుపులోనూ వార్తలు దాగి ఉంటాయట. సలహాదారుగారు శాస్త్రీయంగా చెప్పారు. మన కడుపులో ఏమున్నా సరే, అది బయటికి రావాలి. ఎంత ఇబ్బందైనా రావాలి! తెచ్చినవాళ్లు ఏది అడిగితే అది ఇస్తాను. డబ్బు తప్ప."

చప్పట్లు మోగాయి. ఆ చప్పుడుకి మెలకువ వచ్చినవాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. అప్పుడు ఫిర్యాదుల విభాగం లేచి నిలబడింది.

ఫిర్యాదుల విభాగమంటే ఒక బల్ల, ఒక ఫోను, ఒక అమ్మాయి. డిగ్రీ పూర్తిచేసి చేరింది. పరుపు కుంగిందని ఎవరైనా ఫోన్ చేస్తే, "మీరు పడుకున్నారా అండీ? అందుకే కుంగింది," అని ఎంతో గౌరవంగా చెప్పడం ఆమె ఉద్యోగం. ఈమధ్యే పెళ్లయింది కాబట్టి ఆమె పేరు మరిచిపోయి కంపెనీ అంతా 'కొత్త పెళ్లికూతురు' అని పిలవడం మొదలుపెట్టింది. ఆమెకి ఆ పిలుపు వినబడినప్పుడల్లా లోపల చక్కిలిగింత పెట్టినట్టుండేది. పనికిరాని కారణాలు చెప్పి మరీ జనం చేత పిలిపించుకునేది.

"ఏది అడిగినా ఇస్తారా సార్?"

"అన్నాంగా అమ్మాయ్."

"మా ఆయన్ని పగటి షిఫ్టుకి మార్చండి."

గదంతా గొల్లుమంది. ఓనరుగారు కూడా నవ్వారు. "అంతేనా! అదెంత పని! వార్త తీసుకురా, మొగుణ్ణి తీసుకుపో."

ఇక్కడ పాఠకులకి ఒక నియమం గురించి మనవి చేయాలి. ఒకే ఇంటివాళ్లు ఇద్దరు ఒకే షిఫ్టులో పనిచేయరాదని ఆ కంపెనీ నియమం. ఆ ఇంటికి జ్వరం వస్తే రెండు యంత్రాలు ఒకేసారి ఆగిపోతాయన్న దూరదృష్టితో పెట్టారు. ఆ నియమం ప్రకారం కొత్త పెళ్లికూతురిది పగటి ఉద్యోగం, కొత్త పెళ్లికొడుకుది దూది నింపే యంత్రం దగ్గర రాత్రి ఉద్యోగం. వారానికో సెలవైనా ఉండాలి కదా అంటారేమో. పెళ్లిళ్ల రోజులు కావడంతో జంట పరుపులకి గిరాకీ పెరిగింది. కొత్త జంటలు ఎవరూ నేల మీద పడుకోకూడదన్న సదుద్దేశంతో అతని సెలవు రద్దు చేశారు. ఆదివారం ఆమెకి సెలవు. ఆ రోజు పగలంతా అతను నిద్రపోతాడు, ఆమె కూర్చుని చూస్తుంది. నిద్రలో అతను ఒకసారి నవ్వాడు కూడా. దాని గురించి ఆమె వారమంతా ఆలోచించింది.

ఇద్దరికీ కలిపి ఇంటికి ఒకటే తాళంచెవి. పెళ్లికి కంపెనీవారు బహుమతిగా ఇచ్చిన జంట పరుపొకటి. దాని మీద పగలు అతను, రాత్రి ఆమె. ఒకరు లేచిన వేడి చల్లారకముందే ఇంకొకరు పడుకుంటారు. కాపురమంటే ఇదే కాబోలు అని ఆమె చాలా రోజులు సర్దుకుపోయింది. తర్వాత పక్కింటివాళ్లని చూసింది. వాళ్లు ఒకే టీవీ ముందు కూర్చుని ఇద్దరూ ఒకేసారి ఆవలించారు. ఆమెకి కడుపు మండిపోయింది.

సభ ముగిసేసరికి ఆమెని 'వార్తాన్వేషణాధికారి'గా నియమించారు. జీతం పాతదే, బాధ్యతలు కొత్తవి. ఛాతీకి పెట్టుకోవడానికి ఒక బిళ్ల ఇచ్చారు. ఆమె దాన్ని ఇంట్లో కూడా తీయలేదు.

మర్నాటి నుంచి వార్తలు వాటంతటవే నడిచి రాసాగాయి. లెక్కల గుమాస్తా వచ్చి, తనకి దూది పడదనీ, తుమ్ముతూ తుమ్ముతూనే కంపెనీని ఇంతదాన్ని చేశాననీ చెప్పి, నిదర్శనంగా తుమ్మి చూపించాడు. కుట్టు విభాగంలో ఒకావిడ తాను కళ్లు మూసుకుని సూదిలో దారం ఎక్కిస్తానంది. ఎక్కించింది కూడా, సూది మాత్రం పక్కావిడ పట్టుకోవలసి వచ్చింది. అమ్మకాల మేనేజరు తన విజయగాథ తానే రాసి తెచ్చాడు. అందులో ఆయన చిన్నప్పుడు నేల మీద పడుకుని, ప్రపంచంలో ఎవరూ ఇలా పడుకోకూడదని కంటనీరు పెట్టుకున్నాడు. "మీ నాన్నగారికి రెండు మేడలుండేవి కదండీ?" అని ఆమె అడిగితే, "రెండింటిలోనూ నేల మీదే పడుకున్నాను," అన్నాడు. సరుకు గదిలో ఒక పిల్లి ఉంది. అది అమ్మకానికి పనికిరాని పరుపుల మీద తప్ప పడుకోదు. నాణ్యత పరీక్షించే ఉద్యోగి కన్నా అదే నయమని తెలిసి, ఆ ఉద్యోగి దాన్ని తరిమేయాలని పోరుతున్నాడు.

నిజానికి అసలు వార్తలన్నీ ఆమె ఫోన్‌లోనే ఉన్నాయి. పరుపు మధ్యలో గుంట పడిందని ఫోన్ చేసిన ఒకాయన, మాటల్లో మాటగా ఇంకో సంగతి చెప్పాడు. ఏళ్ల తరబడి తానూ భార్యా మాట్లాడుకోవడం లేదట. పరుపుకి చెరో అంచునా పడుకునేవారట. గుంట పడ్డాక ఇద్దరూ దొర్లుకుంటూ వచ్చి మధ్యలో పడ్డారు. పైకి రావడానికి ఒకరి సాయం ఒకరికి కావలసి వచ్చింది. "అప్పట్నుంచీ మాట్లాడుకుంటున్నామమ్మా. బాగుచేయడానికి ఎవర్నీ పంపకండి," అని ఫోన్ పెట్టేశాడు.

ఆమె ఎగురుకుంటూ వెళ్లి చెప్పింది. సలహాదారుగారి కళ్లు చెమర్చాయి. ఓనరుగారివి మాత్రం ఎర్రబడ్డాయి.

"అంటే మన పరుపులకి గుంటలు పడతాయని మనమే పత్రికలో వేయించుకోవాలా?"

"గుంట అనక్కర్లేదు సార్, ఒడి అందాం."

"ఏదైనా అను. అది వార్త కాదు, కొన్నవాళ్లందరికీ తెలిసిందే."

చివరికి పిల్లిని ఖాయం చేశారు. దానికి మెడలో రిబ్బను కట్టి, 'ముఖ్య నాణ్యతాధికారి' అని బిళ్ల తగిలించారు. తన బిళ్లలాంటిదే పిల్లికీ ఇచ్చినందుకు వార్తాన్వేషణాధికారి కొంచెం చిన్నబుచ్చుకుంది.

పొద్దున్నే విలేకరి వచ్చాడు. పిల్లి ముందు మంచి పరుపొకటి, పాడు పరుపొకటి పరిచారు. పిల్లి రెండింటినీ చూసి, వెళ్లి ఓనరుగారి కుర్చీలో పడుకుంది. విలేకరి కెమెరా సంచీలో పెట్టుకుని, "మరోసారి చూద్దామండీ," అని గేటు వైపు నడిచాడు. ఆ సంచీతో పాటు తన సంసారం కూడా కొత్త పెళ్లికూతురికి గేటు దాటి పోతున్నట్టు అనిపించింది.

సరిగ్గా అప్పుడే షిఫ్టు మారే గంట మోగింది. రాత్రివాళ్లు బయటికి వస్తున్నారు. వాళ్లలో అతనూ ఉన్నాడు. తల నిండా దూది పింజలు. సాయంత్రం కుర్రాడిలా లోపలికి వెళ్లే మనిషి పొద్దున్న ముసలాడిలా బయటికి వస్తాడు. దాంతో ఆమెకి రోజూ ఇద్దరు మొగుళ్లు కనబడేవారు. ఇద్దరూ నచ్చారు. వార్త సంగతి మరిచిపోయి, రోజూలాగే గేటు దగ్గరికి పరుగెత్తి, తాళంచెవి అతని చేతిలో పెట్టి, మునివేళ్ల మీద లేచి తలలోంచి దూది ఏరుతూ మొదలుపెట్టింది.

"పాలు కాచి పెట్టాను, తాగండి. కిటికీ వేసుకుని పడుకోండి, ఎండ మొహం మీద పడుతుంది. మీ నీలం చొక్కా ఆరింది. రాత్రి మీ వైపు దిండు నేను తీసుకున్నాను, తిరిగి పెట్టేశాను."

"నీ వైపు దిండు నేను రోజూ తీసుకుంటాను. తిరిగి పెట్టేస్తాను."

"దొంగ మొహం! చెప్పలేదే?"

"ఎప్పుడు చెప్పను? గంట కొట్టేస్తారు."

గంట కొట్టేశారు. ఆమె లోపలికి, అతను బయటికి. విలేకరి సంచీలోంచి కెమెరా ఎప్పుడు తీశాడో ఎవరూ చూడలేదు.

ఆదివారం అరపేజీ అనుకున్నది పేజీ అంతా వచ్చింది. 'గేటు దగ్గర కాపురం' అని పెద్దక్షరాల్లో శీర్షిక. కింద ఆమె మునివేళ్ల మీద, అతను తల వంచి, మధ్యలో గాల్లో ఒక దూది పింజ. పరుపు కంపెనీ పేరు ఒక మూల చిన్నగా ఉంది. అయినా సోమవారానికి దుకాణాల్లో జంట పరుపులు నిండుకున్నాయి. సలహాదారుగారు కళ్లజోడు తీయకుండానే తిరగసాగారు. ఎందుకంటే మాట్లాడుతున్నది ఆయనొక్కరే. 'ఇరవై నాలుగు గంటలూ పనిచేసినా అలసట ఎరుగని పరుపు' అని ఆయన కొత్త నినాదం తయారుచేశారు. నిజమే, ఆ ఇంట్లో అలసట ఎరుగనిది పరుపొక్కటే.

కొత్త పెళ్లికూతురు తల దువ్వుకుని, బిళ్ల సరిచేసుకుని, బహుమతి అందుకోవడానికి ఓనరుగారి గదిలోకి వెళ్లింది.

"మా ఆయన్ని ఎప్పట్నుంచి పగటికి మారుస్తారు సార్?"

ఓనరుగారు ఆమెని కూర్చోబెట్టారు. స్వయంగా మంచినీళ్లు ఇచ్చారు. అప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది.

"చూడమ్మా. మిమ్మల్ని ఒకే షిఫ్టులో వేశామనుకో. మర్నాడు గేటు దగ్గర ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదు సార్. ఇద్దరం కలిసి లోపలికి వస్తాం."

"అంటే పత్రికలో వచ్చింది అబద్ధమైపోతుంది. మన కంపెనీ ఇంతవరకు ఒక్క అబద్ధం ఆడిందా?"

ఫిర్యాదుల విభాగానికి ఈ ప్రశ్నకి జవాబు తెలుసు గానీ, జీతం తీసుకునేది ఆ జవాబు చెప్పకుండా ఉన్నందుకే.

"మాటిచ్చారు కదా సార్."

"ఇచ్చాను, వెనక్కి తీసుకోను. ఈ వార్త పాతబడిన రోజునే మార్చేస్తాను. జనం రావడం మానేయనీ."

జనం మానలేదు, పెరిగారు. ముందు దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. తర్వాత ఆగడానికే దారిన పోవడం మొదలుపెట్టారు. రోడ్డుకి అడ్డమని వాచ్‌మన్ తెల్ల గీత గీస్తే, గీతకి ఇవతల నిలబడటం కోసం తోపులాట జరిగింది. కంపెనీవారు బల్లలు వేయించారు. అలిసిపోయిన ప్రేక్షకులు వాలడానికి నమూనా పరుపులు పరిచారు. వెనకవాళ్లకి కనబడటం లేదని ఫిర్యాదు రావడంతో, ఆ ఫిర్యాదు తానే నమోదు చేసుకుని, వార్తాన్వేషణాధికారి రోజూ ఒక పీట ఎక్కి దూది ఏరవలసి వచ్చింది. ఒకనాడు యంత్రం మరమ్మతుకి ఆగడంతో అతని తలలో దూది లేకపోతే, సలహాదారుగారు తన చేతులతో చల్లారు. "నిన్నటికన్నా నెమ్మదిగా ఏరమ్మా," అని బతిమాలారు. "ఆ ఎడమ చెవి వెనకాల ఉన్నది చివరికి ఉంచు. అక్కడ ఆడవాళ్లు ఏడుస్తున్నారు."

పత్రికకి ఉత్తరాలు సంచులకొద్దీ వచ్చాయి. అన్నిటి సారాంశం ఒకటే: ఇంత అందమైన ప్రేమని దయచేసి ఒకే షిఫ్టులో వేసి పాడుచేయకండి. 'మేమిద్దరం ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉంటున్నాం. ఆయన మొహం చూసి నెలలైంది,' అని ఒక ఇల్లాలు రాసింది. కంపెనీలోనే, ఆ నియమం రాకముందు నుంచీ ఒకే షిఫ్టులో ఉన్న ఇంకో జంట తమని వేర్వేరు షిఫ్టుల్లో వేయమని అర్జీ పెట్టుకుంది. వాళ్ల కారణం ప్రేమ కాదని అందరికీ తెలిసినా, ఓనరుగారు మురిసిపోయి వెంటనే మంజూరు చేశారు.

ఆమె అత్తగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, మిమ్మల్ని చూడటానికి ఊళ్లనుంచి బస్సులు కట్టుకుని వస్తున్నారటగా? మేం వస్తే ముందు బల్ల మీద చోటు ఉంటుందా?"

"మీరు ఇంటికే రావచ్చు కదత్తయ్యా."

"ఇంటికొస్తే ఏముంది చూడటానికి? ఒకరే ఉంటారు. మీ మావగారికి ఇద్దర్నీ కలిపి చూడాలని ఉందట."

మర్నాడు పొద్దున్న గేటు దగ్గర, చప్పట్ల మధ్య, అతను ఆమె చెవిలో అన్నాడు. "ఇలా లాభం లేదోయ్. వీళ్లకి మనమంటే విసుగు రావాలి."

"ఎలా వస్తుంది? మీరు ఇంత బావుంటే."

"పోట్లాడుకుందాం. రేపు పొద్దున్న. ఇక్కడే. ఛీ వీళ్లూ మామూలు మొగుడూపెళ్లాలే అని పోతారు."

ఆమె కళ్లు మెరిశాయి. పెళ్లయ్యాక మొదటి పోట్లాట! "దేని గురించండీ?"

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. పోట్లాడుకోవాలంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఏదైనా జరగాలంటే ఇద్దరూ కలిసి ఉండాలి. సాటి దంపతులందరికీ దేవుడిచ్చిన ఆ సౌకర్యం వీళ్లకి లేకపోయింది.

"తడి తువ్వాలు!" అన్నాడతను. "తడి తువ్వాలు పరుపు మీద పడేశానని తిట్టు. అందరి ఇళ్లలోనూ అదే కదా."

"కానీ మీరు ఎప్పుడూ తీగ మీదే ఆరేస్తారు."

"ఇవాళ పడేసి వస్తాలే."

గంట మోగింది. సాయంత్రం ఆమె ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి చాలాసేపు కోపం అభ్యాసం చేసింది. ముక్కు ఎగరేస్తే నవ్వొచ్చేస్తోంది, కనుబొమలు ముడిస్తే బాగానే ఉంది. నిజంగానే పరుపు మీద తడి తువ్వాలు ఉంది. మాట తప్పని మనిషి. ఆ తువ్వాలు తీయబుద్ధి కాక, పక్కకి జరిగి పడుకుంది.

మర్నాడు పోట్లాట అనుకున్నట్టే మొదలైంది. ఆమె తాళంచెవి ఇవ్వకుండా గుప్పిట్లో పట్టుకుని, కనుబొమలు ముడిచి, "పరుపు మీద తడి తువ్వాలు వేయడానికి సిగ్గు లేదూ?" అంది. అతను "నా ఇల్లు, నా తువ్వాలు," అన్నాడు. ముందు వరుసలో పెద్దావిడ ఒకరు లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఒక్క తువ్వాలుతో ఆగిపోకు. వాళ్లమ్మని అను!"

"మా అత్తయ్య మంచిదండీ!"

"మంచిదైతే మాత్రం! ఊరికే వదిలేస్తావా?"

"వదలకు బాబూ," అన్నాడు వెనకనుంచి ఒకాయన. "ఇవాళ తగ్గావంటే నా గతే నీకూనూ!" ఆయన భార్య పక్కనే ఉంది. అక్కడ ఇంకో పోట్లాట మొదలైంది. కాసేపటికి బల్లకో పోట్లాట. ఎవరింట్లో తువ్వాళ్లు వాళ్లు బయటికి తీశారు. గంట మోగినా ఎవరికీ వినబడలేదు. అసలు జంట నవ్వు ఆపుకోలేక మొహాలు చెరో పక్కకి తిప్పుకుంటే, కోపం తారస్థాయికి చేరిందని విలేకరి రాసుకున్నాడు.

'గేటు దగ్గర తుఫాను' మొదటి పేజీలో వచ్చింది. లోపలి పేజీలో ఇద్దరు నిపుణులు, ఒకరు తువ్వాలు పక్షాన, ఒకరు పరుపు పక్షాన వ్యాసాలు రాశారు. ఓనరుగారు పొద్దున్నే ఆ పత్రిక చూసి మంచం పట్టబోతూ, ముందురోజు అమ్మకాల వివరాలు విని లేచి కూర్చున్నారు. జంట పరుపులు ఎప్పటిలాగే పోతున్నాయి. వాటితో పాటు ఇంతకాలం గోదాములో మూలుగుతున్న ఒంటి పరుపులు కూడా ఒక్కటీ మిగల్లేదు.

వెంటనే ఇద్దర్నీ గదిలోకి పిలిపించారు. రాత్రి పని ముగించి వస్తున్న అతన్నీ, పగటి పనికి వస్తున్న ఆమెనీ. సలహాదారుగారు కళ్లజోడు సవరించుకున్నారు.

"అద్భుతం! ఇప్పుడు రాజీ కావాలి. రేపు పొద్దున్నే, గేటు దగ్గర. కానీ ఇది దూది ఏరినంత తేలిక కాదు. కోపం కరగాలి, కన్ను తడవాలి, నవ్వు రావాలి, అన్నిట్లోనూ సహజత్వం ఉండాలి. అభ్యాసం చేయకుండా జనం ముందుకి వస్తే కంపెనీ పరువు పోతుంది."

"చేస్తాం సార్," అంది ఆమె. "కానీ ఎప్పుడు చేయాలి? నేను పగలు, ఆయన రాత్రి."

ఓనరుగారు ఆలోచించారు. నియమావళిలో రాజీ అభ్యాసం గురించి ఏమీ లేదు. "ఇవాళ ఇద్దరికీ సెలవు," అన్నారు చివరికి. "పగలూ రాత్రీ కూడా. ఇంటికెళ్లి బాగా అభ్యాసం చేయండి. ఇది ఆజ్ఞ."

"నేను వచ్చి కూర్చుంటాను," అన్నారు సలహాదారుగారు.

"మూడోమనిషి ఉంటే సహజత్వం పోతుందేమో సార్," అంది ఫిర్యాదుల విభాగం, ఫోన్‌లో మాట్లాడేంత గౌరవంగా.

సహజత్వమన్న మాట సలహాదారుగారిదే. కాదనలేకపోయారు.

ఇద్దరూ వెనక గేటు నుంచి బయటపడి, మొదటిసారి ఒకే దిక్కుకి నడిచారు. అడుగులు కలవలేదు. అతనివి పెద్దవి, ఆమెవి చిన్నవి. దారిలో కూరగాయలు కొన్నారు. ఏ కూర వండాలన్న దాని మీద చిన్న పేచీ వచ్చింది. అసలు సిసలు పేచీ, ఎవరూ చూడటం లేదు. ఆమె ఆ పేచీని ఇల్లు చేరేదాకా సాగదీసింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకేసారి ఆవలించారు. సాయంత్రం పరుపు మీద ఎవరి వైపుకి వాళ్లు సర్దుకోబోతే, ఇద్దరూ ఇన్నాళ్లూ మధ్యలోనే పడుకుంటున్నారని తేలింది.

"ఏమండీ, రేపు రాజీ బాగా కుదిరితే ఏమవుతుంది?"

"ఎల్లుండి నుంచి మళ్లీ దూది. నేను రాత్రి, నువ్వు పగలు."

"కుదరకపోతే?"

అతను లేచి కూర్చున్నాడు.

"కుదరకపోతే మళ్లీ అభ్యాసం చేయమంటారు కదా," అంది ఆమె. "దానికి మళ్లీ సెలవు ఇవ్వాలి కదా. రేపు మీరు చెయ్యి చాపండి. నేను దగ్గరిదాకా వచ్చి, ఆఖరి క్షణంలో మూతి ముడుచుకుని పోతాను. ఎల్లుండి మీ వంతు."

ఇలా కొత్త దంపతులు మొట్టమొదటిసారి ఒక విషయంలో పూర్తిగా ఏకీభవించారు.

రేపటి కార్యక్రమాన్ని కంపెనీవారు ఈ విధంగా ప్రకటించారు. ఉదయం షిఫ్టు మారే వేళ గేటు దగ్గర బహిరంగ రాజీ. ఓనరుగారి అధ్యక్షోపన్యాసం, ఆపైన కోపం కరగడం, ఆపైన టీ. పిల్లలతో వచ్చేవారికి ముందు బల్లలు. అందరికీ ప్రవేశం ఉచితం.

చివరగా పాఠకులకి ఒక మాట. ఓనరుగారు మాట మీద నిలబడే మనిషి. జనం రావడం మానేసిన రోజున ఆ అబ్బాయిని పగటి షిఫ్టుకి మార్చేస్తానని ఇప్పటికీ అంటున్నారు. కాబట్టి ఆ పిల్లలిద్దరూ అందరిలాగా ఒక ఇంట్లో కాపురం చేసుకోవాలని మీకు నిజంగా ఉంటే, చేయవలసింది ఏమీ లేదు. రేపు మీ ఇంట్లో మీరుండి, మీ ఎదురుగా ఉన్న మనిషి మొహం కాసేపు చూస్తే చాలు. అలా కుదరదు, వచ్చి తీరతామంటారా, చీకటితోనే బయల్దేరండి. ముందు బల్లల మీద ఇప్పటికే జేబురుమాళ్లు వేసేశారు.